గొట్టానికి తగిన తూటా

పొట్టి రివాల్వర్‌కు గురి కుదరదని అందరూ అంటారు. రెండు మూడు అంగుళాల గొట్టంతో పది అడుగుల దూరంలో ఉన్నదాన్ని కొట్టినా అదృష్టమేనని తుపాకి పట్టినవాళ్లూ అంటారు, సినిమాల్లో తప్ప చూడనివాళ్లూ అంటారు. ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే గొట్టం పొడవును కాసేపు పక్కన పెట్టి, అందులోకి వెళ్లే తూటా కథ చూడాలి. ఆ కథ చెప్పడానికి హైదరాబాద్‌లో కర్మన్‌ఘాట్ కంటే మంచి చోటు లేదని నా నమ్మకం.

ఇక్కడి హనుమంతుడి గుడి స్థలపురాణమే వేటతో మొదలవుతుంది. కాకతీయ ప్రతాపరుద్రుడు ఈ అడవికి వేటకొచ్చి, పులి గాండ్రింపు విని, దాన్ని వెతుక్కుంటూ వెళ్లి ధ్యానాంజనేయుడి విగ్రహాన్ని చూశాడని చెబుతారు. ఆ గుడి దగ్గర్నుంచి సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ దాటి ముసారాంబాగ్ వైపు వెళితే అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి కనిపిస్తుంది. వెనక్కి తిరిగి ఇన్నర్ రింగ్ రోడ్డు మీద చాంద్రాయణగుట్ట దారి పడితే కంచన్‌బాగ్ వస్తుంది. క్షిపణులు చేసే డీఆర్‌డీఎల్, లోహాలను పరిశోధించే డీఎంఆర్‌ఎల్, టైటానియం కరిగించే మిధానీ అన్నీ అక్కడే. ఒకవైపు నిజాముకు ఫిరంగులు పోత పోయించిన మనిషి సమాధి, మరోవైపు ఈ కాలపు ఆయుధ లోహాల కొలిమి. మధ్యలో మన కాలనీలు.

రేమండ్ నుంచే మొదలుపెడదాం. 1755లో ఫ్రాన్స్‌లో పుట్టి, రెండో అసఫ్‌జా నిజాం అలీ ఖాన్ కొలువులో చేరి, వేల మంది సిపాయిలతో పటాలం కట్టాడు. 1786లో ఆయన నెలకొల్పిన తోపుల కార్ఖానా పేరే ఇవాళ్టికీ గన్‌ఫౌండ్రీ. పాత బస్తీవాళ్లు దాన్ని తోప్ కా సాంచా అనేవారు. అక్కడ ఫిరంగులు పోశారు, వాటి గుండ్లూ పోశారు. ఆ కాలంలో తుపాకి ఒకచోట, గుండు మరొకచోట తయారై రెండూ సరిగ్గా కుదరడం అరుదు. గొట్టం లోపల నున్నగా ఉండేది. గుండును గొట్టం కంటే కాస్త చిన్నదిగా పోసేవారు. నాలుగు దెబ్బలకే మసి పేరుకునే గొట్టంలో బిగుతైన గుండు దిగదు గనుక అది తప్పేది కాదు. ఆ ఖాళీ వల్లే గుండు గోడలకు తగులుతూ దొర్లుకుంటూ వెళ్లి, బయటపడే క్షణంలో ఎటు తగిలితే అటు పోయేది.

ఇంగ్లిషు మస్కెట్ బోరు .75 అంగుళాలు, ఫ్రెంచి మస్కెట్‌ది .69. ఇంగ్లిషు గుండు ఫ్రెంచి గొట్టంలో దిగదు. ఫ్రెంచి గుండు ఇంగ్లిషు గొట్టంలో దిగుతుంది గానీ వదులుగా ఊగుతుంది, గురి ఉన్నదీ పోతుంది. రెండు దేశాల సైనిక పద్ధతులు ఒకే దక్కనులో తలపడుతున్న రోజుల్లో ఎవరి మందుగుండు సంచి ఎవరికి చిక్కినా పూర్తిగా ఉపయోగపడేది కాదు. తూటా అనుకూలత అనే సమస్య హైదరాబాద్‌కు ఆనాడే తెలుసు. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. ఆ ఏడాది అక్టోబరులోనే ఇంగ్లిషువాళ్లు ఆయన పటాలాన్ని చుట్టుముట్టి ఆయుధాలు దింపించారు. నిజాం సైన్యానికి తుపాకీ ఎలాంటిది, తూటా ఎక్కడిది అన్న నిర్ణయంలో ఈస్టిండియా కంపెనీ మాట చెల్లుబాటు కావడం అప్పటి నుంచే.

తూటా ఒక రాజ్యాన్నే కుదిపేసిన సంవత్సరం 1857. ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కోసం వచ్చిన కాగితపు తూటాకు కొవ్వు పూశారన్న వార్త దక్కను దాకా పాకింది. జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం కోఠీలోని రెసిడెన్సీ మీదికి వెళ్లారు. ఆ తిరుగుబాటుకు ఎన్నో కారణాలు. కానీ ఆ కొవ్వు ఎందుకు పూశారన్నది గొట్టంలోని గాడుల వ్యవహారం. గుండు తిరుగుతూ నేరుగా వెళ్లాలంటే గొట్టంలో మెలి గాడులుండాలి, గుండు వాటిని ఒరుసుకోవాలి, ఒరుసుకునేది సాఫీగా దిగాలంటే జిడ్డు కావాలి. గురి కోసం చేసిన ఏర్పాటే అది.

రివాల్వర్ అప్పటికే పుట్టింది. శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. ఒక్కో అరలో మందు పోసి, గుండు కుక్కి, వెనక క్యాపు తొడగడం ఆ పద్ధతి. లోహపు తూటా అనే విడి వస్తువే లేదు కాబట్టి ఏ తుపాకీకి ఆ తుపాకీ గుండే. 1857లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ ఇత్తడి, రాగి తూటాలు వెనక నుంచి ఎక్కించే చిన్న .22 రివాల్వర్ తెచ్చింది. సిలిండర్ అరలను ఆసాంతం తొలిచే హక్కు రోలిన్ వైట్ పేటెంటు కింద ఉండడంతో మిగతా కంపెనీలు 1869 దాకా ఆగాయి. పేటెంటు గడువు తీరగానే వరద మొదలైంది. ఇకమీద గుండు, మందు, క్యాపు మూడూ ఒకే ఇత్తడి గుల్లలో కూర్చుంటాయి. కొలతలు నిర్ణయించేది కాల్చేవాడు కాదు, కార్ఖానా. ఒక కార్ఖానా రివాల్వర్‌లో ఇంకో కార్ఖానా తూటా పెట్టవచ్చా అన్న ప్రశ్న అక్కడే పుట్టింది. నూట యాభై ఏళ్లు దాటినా అది పోలేదు.

పొట్టి రివాల్వర్‌కు నిజమైన ఆదిపురుషుడు బ్రిటిష్ బుల్‌డాగ్. బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ కంపెనీ 1872లో దించింది. రెండున్నర అంగుళాల గొట్టం, అయిదు అరలు, .442 లేదా .450 తూటా. కోటు జేబులో ఇమిడిపోయే ఆయుధం కావడంతో సామ్రాజ్యం నలుమూలలకూ వెళ్లింది. బెల్జియంలోని లియేజ్‌లో, అమెరికాలో లెక్కలేనన్ని నకళ్లు తయారయ్యాయి. ఆ నకళ్లలో అరల కొలతలు కార్ఖానాకో రకంగా ఉండేవి. పేరు ఒకటే, తూటా బిగుతు వేరు. 1881 జులైలో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో కాల్చింది ఇలాంటి బుల్‌డాగ్‌తోనే. చాలా దగ్గర్నుంచి రెండుసార్లు కాలిస్తే ఒకటి చేతిని రాసుకుంటూ పోయింది, ఒకటి వీపులో దిగింది. పొట్టి తుపాకీ మీద అపనమ్మకానికీ భయానికీ ఆ ఒక్క సంఘటనే సరిపోయేది.

ఇక మనకు బాగా దగ్గరి బంధువైన తూటా దగ్గరకు వద్దాం. స్మిత్ అండ్ వెసన్ 1878లో .32 తూటా చేసింది. 1896లో దాన్ని పొడిగించి .32 లాంగ్ చేసింది. అదే ఏడాది న్యూయార్క్ పోలీసు బోర్డు అధ్యక్షుడిగా ఉన్న థియొడోర్ రూజ్‌వెల్ట్ తన సిబ్బందికి కోల్ట్ న్యూ పోలీస్ .32 రివాల్వర్లు ఇప్పించాడు. తర్వాత కోల్ట్ కంపెనీ పోటీదారు తూటానే వాడుకోవాల్సి వచ్చింది. తన సరుకు మీద స్మిత్ అండ్ వెసన్ పేరు రాయడం ఇష్టంలేక గుండు ముక్కును కాస్త చదును చేసి, .32 కోల్ట్ న్యూ పోలీస్ అని పేరు పెట్టింది. పేర్లు రెండు, కొలతలు ఒకటే. ఇది దానిలో, అది దీనిలో నిక్షేపంగా పేలతాయి. కానీ కోల్ట్ పాత తూటా .32 లాంగ్ కోల్ట్ ఉందే, పేరులో ఎంత పోలిక ఉన్నా అది వేరే జాతి, సన్నని ఒళ్లు. తూటా పేరు చూసి కొలతను ఊహించేవాళ్లకు చరిత్ర ఎప్పుడూ ఇలాంటి ఉచ్చులే పన్నింది.

.38 వైపు చూస్తే ఈ చిక్కు ఇంకా పెద్దది. అమెరికాలో 19వ శతాబ్దం చివర్లో వచ్చిన .38 స్పెషల్ పోలీసుల తూటా అయింది. 1927లో కోల్ట్ డిటెక్టివ్ స్పెషల్ అని రెండంగుళాల గొట్టం, ఆరు అరలతో ఒకటి తెచ్చింది. 1950లో స్మిత్ అండ్ వెసన్ అయిదు అరల చీఫ్స్ స్పెషల్ తెచ్చింది. సినిమా డిటెక్టివ్ కోటు లోపల్నుంచి తీసే ఆ పొట్టి తుపాకీ ఊరూరా తెలిసింది ఈ రెండింటి వల్లే. ఇంతలో 1935లో .357 మాగ్నం వచ్చింది. గుండు లావు అదే, మందు బలం రెట్టింపు. .38 స్పెషల్ గుల్ల పొడవు 29.3 మిల్లీమీటర్లయితే మాగ్నం గుల్లను దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు పొడుగు చేశారు. ఆ పొడుగు బలం కోసం కాదు, పాత .38 అరలో అది పట్టకూడదని. తప్పు తూటా లోపలికి వెళ్లకుండా కొలతతోనే తలుపు మూసిన ఆ తెలివికి నేను దండం పెడతాను. తిరగేస్తే మాత్రం తలుపు తెరిచే ఉంటుంది. మాగ్నం రివాల్వర్‌లో .38 స్పెషల్ హాయిగా కాల్చవచ్చు. కాకపోతే పొట్టి గుల్ల పొడుగు అరలో కూర్చోవడంతో గుండు గాడులు అందుకునే ముందు కొంత దూరం ఖాళీగా దూకుతుంది, గురి వెంట్రుకవాసి తగ్గుతుంది, గుల్ల మూతి దగ్గర మసి వలయం కట్టి తర్వాత పొడుగు తూటాలు బిగుసుకుంటాయి. ప్రమాదం లేదు, శుభ్రం చేసుకునే ఓపిక కావాలి.

బ్రిటిష్‌వాళ్ల .38 వేరు. మొదటి ప్రపంచయుద్ధంలో వాడిన బరువైన .455 వెబ్లీ మామూలు సిపాయికి అదుపు కావడం లేదని, .38/200 అనే తూటాకు మారారు. 200 గ్రెయిన్ల సీసపు గుండు. 1932లో ఎన్‌ఫీల్డ్ రివాల్వర్, దాని పక్కనే వెబ్లీ మార్క్ 4 వచ్చాయి. మెత్తని సీసం హేగ్ ఒప్పందానికి విరుద్ధమవుతుందేమోనన్న భయంతో 1930ల చివర్లో 178 గ్రెయిన్ల రాగి తొడుగు గుండుకు మారారు. ఆ ఒప్పందం వెనక మన దేశపు ఊరే ఉంది. కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో తయారైన విచ్చుకునే గుండ్లపై గొడవే 1899లో హేగ్ నిషేధానికి దారితీసింది. గుండు బరువు మారగానే గురి కూడా మారింది. రివాల్వర్ పేలగానే గొట్టం పైకి లేస్తుంది. బరువైన గుండు గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది కనుక ఎక్కువ పైకి తగులుతుంది, తేలికది కిందికి తగులుతుంది. కదలని సైటున్న పొట్టి రివాల్వర్‌లో దీన్ని సరిచేసే మర కూడా ఉండదు. ఒకే తూటా బరువుకు కార్ఖానాలో సైటు కట్టి పంపుతారు. వేరే బరువు వాడి గురి తప్పుతోందని తుపాకీని తిట్టుకునేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఈ బ్రిటిష్ కొలత రివాల్వర్లు వేలకొద్దీ అమెరికా బజారుకు చేరాయి. వ్యాపారులు అరలను కాస్త తొలిచి .38 స్పెషల్ పట్టేలా చేసి అమ్మారు. బ్రిటిష్ .38 గుల్ల లావు, స్పెషల్ గుల్ల సన్నం. వదులైన అరలో స్పెషల్ గుల్లలు ఉబ్బాయి, చీలాయి. .455 వెబ్లీల సిలిండర్ వెనక భాగాన్ని అరగదీసి .45 పిస్టల్ తూటాలు పెట్టినవాళ్ల కథ ఇంకా ఘోరం. ఆ తూటా ఒత్తిడి వెబ్లీని పరీక్షించిన ఒత్తిడిని దాటిపోతుంది. సిలిండర్లే పగిలాయి. అరలో పట్టింది కదా అని కాల్చవచ్చనుకోవడమే ఈ వందేళ్ల ప్రమాదాలన్నిటికీ మూలం. పట్టడం ఒకటి, తగినది కావడం మరొకటి.

మన చట్టం ఈ సంగతిని తన పద్ధతిలో గుర్తించింది. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన 1962 నిబంధనల్లో, .380 లేదా .455 అంచు తూటాలను, సైన్యం వాడే 9 మి.మీ. లేదా .45 తూటాలను అరలో ఇముడ్చుకుని కాల్చగల ఏ బోరు పిస్టలైనా, రివాల్వరైనా నిషిద్ధ బోరు కింద చేర్చారు. గమనించండి, అక్కడ కొలిచింది గొట్టం పేరును కాదు, ఏ తూటా దానిలో పేలగలదన్న దాన్ని. పోలీసు, సైన్యం దగ్గర్నుంచి తూటా దొంగిలిస్తే అది బయట ఏ తుపాకీలోనూ పట్టకూడదన్నది లక్ష్యం. ఆ ఒక్క వాక్యం దేశంలో మామూలు పౌరుడి రివాల్వర్ ఏదో తేల్చేసింది. మిగిలింది .32.

స్వాతంత్ర్యానికి ముందు వచ్చిన విదేశీ .32లు జమీందారుల, వకీళ్ల, కంట్రాక్టర్ల ఇళ్లలో ఉండేవి. 1980ల దశకంలో దిగుమతులు మూసుకుపోయాక వాటి ధరలు ఆకాశానికెక్కాయి. 1990ల్లో కాన్పూర్‌లోని స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ పౌరుల కోసం .32 లాంగ్ రివాల్వర్ తయారుచేసింది. వెబ్లీ మార్క్ 4 పోలికే. నడుము దగ్గర విరిచి తెరిస్తే ఆరు గుల్లలూ ఒకేసారి పైకి లేస్తాయి. గొట్టం మూడంగుళాలు. ఈ విరిచే పద్ధతిలో గురి అంతా ఒక గొళ్లెం మీద ఆధారపడుతుంది. ముందు సైటు గొట్టం మీద, వెనక సైటు గొళ్లెం మీద ఉంటాయి. వాడివాడి గొళ్లెం అరిగితే రెండు సైట్ల మధ్య సంబంధమే వదులవుతుంది. పాత వెబ్లీ కొనేవాళ్లు గొట్టం పట్టుకుని మెల్లగా ఊపి చూసేది అందుకే.

ఇప్పుడు రెండు తూటాలను బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి చూద్దాం. రెండింటినీ మన దగ్గర .32 అనే అంటారు. ఎడమవైపున్నది రివాల్వర్‌ది, .32 లాంగ్. ఇత్తడి గుల్ల పొడవు 23.4 మి.మీ. అడుగున పళ్లెంలాంటి అంచు బయటికి స్పష్టంగా పొడుచుకుని ఉంటుంది. మీద బూడిద రంగు సీసపు గుండు, ముక్కు గుండ్రన, బరువు 98 గ్రెయిన్లు అంటే ఆరుగ్రాముల పైచిలుకు. కుడివైపున్నది పిస్టల్‌ది, 1899లో బ్రౌనింగ్ పిస్టల్‌తో పుట్టిన 7.65 మి.మీ. గుల్ల 17.3 మి.మీ. మాత్రమే. అడుగు అంచు గుల్ల ఒంటి కంటే రవ్వంతే బయటికి ఉంటుంది, దానికి పైన గోరు పట్టేంత గాడి. గుండుకు రాగి తొడుగు, బరువు 71 గ్రెయిన్లు. రెండింటి గుండ్ల లావు మాత్రం దాదాపు ఒకటే, 7.9 మి.మీ. చిల్లర. పుణే పక్కన ఖడ్కీ మందుగుండు ఫ్యాక్టరీలో తయారైనవైతే రెండింటి అడుగునా కేఎఫ్ అనే రెండక్షరాల ముద్రే కనిపిస్తుంది. డబ్బా నుంచి విడిపోయి డ్రాయర్లో కలిసిపోయాయంటే తెలియనివాడి కంటికి పెద్దది, చిన్నది అన్న తేడా తప్ప ఏమీ దొరకదు.

ఇక్కడే అసలు ప్రమాదం. పిస్టల్ తూటా చాలా .32 రివాల్వర్ల అరల్లో జారి కూర్చుంటుంది. ఆ రవ్వంత అంచు దాన్ని అంతంతమాత్రంగా ఆపుతుంది. కొన్నిసార్లు పేలుతుంది కూడా. దాంతో పర్వాలేదన్న ధైర్యం వస్తుంది. కానీ అమెరికా ప్రమాణాల ప్రకారం .32 లాంగ్ తూటాకు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 15 వేల పౌండ్లు, 7.65 పిస్టల్ తూటాకు 20,500. పాత రివాల్వర్ ఉక్కు మోయాల్సిన దానికంటే మూడో వంతు అదనం. గుల్ల పొట్టిది కావడంతో గుండు అరలో ఎక్కువ దూరం ఆధారం లేకుండా దూకుతుంది, గురి కూడా చెడుతుంది. తిరగేసి, రివాల్వర్ తూటాను పిస్టల్ మ్యాగజైన్‌లో ఎక్కించడం ఎలాగూ కుదరదు. అమెరికాలో .32 కుటుంబం ఇంకా పెరిగింది. 1984లో హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ పేరుతో 27.3 మి.మీ. మాగ్నం, ఆ తర్వాత దశాబ్దాలకు 30.5 మి.మీ. ఫెడరల్ మాగ్నం. ఆఖరిదాని ఒత్తిడి 45 వేలు. పొడుగు అరలో పొట్టివన్నీ కాల్చవచ్చు, పొట్టి అరలో పొడుగువి పట్టకూడదు. ఈ ఒక్క సూత్రాన్ని బతికించడానికే ప్రతి తరమూ గుల్లను కాస్త పొడిగిస్తూ వచ్చింది. పిస్టల్ తూటా ఈ వంశంలోది కాదు కాబట్టే ఆ సూత్రం దానికి వర్తించదు.

ఇక గురి మాట. పొట్టి రివాల్వర్‌ను కదలకుండా వైస్‌లో బిగించి కాలిస్తే గుండ్లు పొడుగు గొట్టం దానికి దాదాపు సమానంగానే ఒకచోట పడతాయి. గాడులు పట్టడానికి రెండంగుళాలు చాలు. తేడా అంతా మనిషి చేతిలో వస్తుంది. పొట్టి తుపాకీ మీద ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం పది సెంటీమీటర్లనుకుందాం. చెయ్యి వణికి ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే పది మీటర్ల దూరంలో గుండు పది సెంటీమీటర్లు పక్కకు పడుతుంది. సైట్ల మధ్య ఇరవై సెంటీమీటర్లుంటే అదే వణుకుకు అయిదు సెంటీమీటర్లే. సైట్ల లెక్క ఇంతే, ఇందులో రహస్యమేమీ లేదు. దీనికి ట్రిగ్గర్ బరువు తోడవుతుంది. హ్యామర్‌ను ముందే వెనక్కి లాగకుండా ఒకే లాగుడులో కాల్చాలంటే చాలా రివాల్వర్లకు అయిదు కిలోల పైచిలుకు బలం పెట్టాలి. అర కిలో బరువున్న వస్తువును కదలనివ్వకుండా అయిదు కిలోల బియ్యం సంచిని ఒక్క వేలితో లాగడంలాంటిది అది. ఆ లాగుడులోనే మిల్లీమీటర్లు పోతాయి.

సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సన్నని సందు ఉంటుంది. ప్రతిసారీ అర తిరిగొచ్చి గొట్టానికి సూటిగా నిలవాలి. లోపలి పళ్లు అరిగిన రివాల్వర్‌లో అర కాస్త పక్కన ఆగుతుంది. గుండు గొట్టం నోటిని గీసుకుని ఒరుసుకుపోతుంది, సందులోంచి సీసపు రజను పక్కకు చిమ్ముతుంది. ఒకే రివాల్వర్‌లో అయిదు అరలు మంచి గురినిచ్చి ఆరోది ప్రతిసారీ తప్పుతుంటే కారణం ఇదే అయ్యుండే అవకాశం ఎక్కువ.

.32 లాంగ్‌ను బలహీనమైన తూటా అని తీసిపారేస్తారు. దాని శక్తి తక్కువే, అందులో సందేహం లేదు. కానీ గురి విషయంలో దానికున్న గౌరవం చాలామందికి తెలియదు. అంతర్జాతీయ 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పిస్టల్ పోటీల్లో మేటి గురికాళ్లు ఎంచుకునేది ఎక్కువగా .32 లాంగ్‌నే. ముక్కు చదునుగా కోసినట్టుండే గుండు, కాగితం మీద అచ్చు గుద్దినట్టు గుండ్రటి రంధ్రం చేస్తుంది. 2006 దోహా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా 590 పాయింట్లతో ప్రపంచ రికార్డును సమం చేసి స్వర్ణం గెలిచింది ఆ పోటీలోనే. తక్కువ మందు, తక్కువ అదురు, తక్కువ ఒత్తిడి. పొట్టి గొట్టానికి ఇది ఇంకో లాభం కూడా ఇస్తుంది. ఆ కొద్ది మందూ గొట్టం దాటేలోపే కాలిపోతుంది. .357 మాగ్నం రెండంగుళాల గొట్టంలో పేలితే కొంత మందు బయట మంటగా కాలి కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది, వేగమూ బాగా పడిపోతుంది. కాబట్టి మన దేశంలో చట్టం బలవంతంగా అంటగట్టిన .32 నిజానికి పొట్టి గొట్టానికి బాగా అమరిన జోడీ అని నా అభిప్రాయం. చేతికి సాధన మాత్రం కావాలి. ఈ సాధన దగ్గరే మన దగ్గర అంతా ఆగిపోతుంది. లైసెన్సు పుస్తకంలో ఏడాదికి ఇన్ని తూటాలే అని రాసి ఉంటుంది. కొన్నవి బీరువాలో ఏళ్ల తరబడి పడి ఉంటాయి. ఎప్పుడూ కాల్చని తుపాకీకి గురి కుదరదని అనడం అన్యాయం.

2014 జనవరిలో వచ్చిన నిర్భీక్ గురించి ఈ కోణంలో మాట్లాడాలి. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన అత్యాచార ఘోరం తర్వాత, ఆ బాధితురాలిని పిలిచిన నిర్భయ అనే మారుపేరును తలపించేలా కాన్పూర్‌లోని ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ ఈ .32 రివాల్వర్‌ను మహిళల కోసమని ప్రకటించింది. టైటానియం మిశ్రమంతో చేసి బరువును అర కిలోకు తెచ్చారు. ధర అప్పట్లో 1,22,360 రూపాయలు. చేతిసంచిలో పట్టే బరువని ప్రచారం చేశారు. తర్వాత ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ నుంచి .22 బోరు నిడర్ ఇంకా తేలిగ్గా, పావు కిలో బరువుతో వచ్చింది. తేలిక తుపాకీ మొయ్యడానికి సుఖం, కాల్చడానికి కష్టం. అదే తూటా, అదే మందు, మోసే లోహం మాత్రం తగ్గింది. ఆ తగ్గిన బరువు మోయాల్సిన అదురు మణికట్టు మీద పడుతుంది. మొదటి దెబ్బ తర్వాత రెండో దెబ్బ గురి దూరం పోతుంది. సాధన లేని మనిషి చేతికి ఇవ్వాల్సింది తేలిక రివాల్వర్ కాదు, బరువైనదే. అదే 2014లో హైదరాబాద్‌లో మహిళల భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ మొదలయ్యాయి. లక్ష రూపాయల తుపాకీ కంటే అవి ఎక్కువమంది అమ్మాయిలకు అక్కరకొచ్చాయన్నది నా దృఢమైన నమ్మకం.

లోహం తేలికయ్యేకొద్దీ తూటా అనుకూలతకు కొత్త అర్థం వచ్చింది. స్మిత్ అండ్ వెసన్ స్కాండియం, టైటానియంతో చేసిన అతి తేలిక .357 పొట్టి రివాల్వర్ల గొట్టం మీద 120 గ్రెయిన్ల కంటే తేలికైన గుండు వాడవద్దని చెక్కి అమ్మింది. తూటా అరలో చక్కగా పడుతుంది, ఒత్తిడీ హద్దులోనే ఉంటుంది, అయినా తగదు. బరువైన మెత్తటి సీసపు గుండ్లతో వేరే ఇబ్బంది. అదురు ఎంత తీవ్రమంటే ఒక తూటా పేలినప్పుడు మిగతా అరల్లోని గుండ్లు గుల్లల్లోంచి ముందుకు జారి సిలిండర్‌ను తిరగనివ్వకుండా బిగించేస్తాయి. కంచన్‌బాగ్‌లో 1973లో మొదలైన మిధానీ పుణ్యమా అని టైటానియం అంటే మన వైపు జనానికి రాకెట్లూ విమానాలూ గుర్తొస్తాయి. అదే లోహం జేబు తుపాకీలో దూరినప్పుడు తూటా ఎంపిక ఇంత సున్నితమవుతుంది.

2021 అక్టోబరులో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలను ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడదీశాక కాన్పూర్ కార్ఖానాలు ఏడబ్ల్యూఈఐఎల్ కిందికి వచ్చాయి. 2023 ఆగస్టులో ఆ కంపెనీ ప్రబల్ అనే .32 రివాల్వర్ విడుదల చేసింది. విరిచే పద్ధతి పోయి సిలిండర్ పక్కకు తెరుచుకునే పద్ధతి వచ్చింది. దీని వల్ల గొట్టం, ఫ్రేము ఒకే దిమ్మెగా ఉండి సైట్ల మధ్య సంబంధం గొళ్లెం మీద ఆధారపడదు. గురికి ఇది నిజమైన మేలు. గొట్టం 76 మి.మీ., అంటే పాత మూడంగుళాలే. యాభై మీటర్ల దాకా పనిచేస్తుందని ప్రకటించారు. గుండు అంత దూరం బలంగా వెళ్తుందనే అర్థంలో ఆ మాట చెల్లుతుంది. ముందు చెప్పిన లెక్క తీసుకుంటే యాభై మీటర్ల దగ్గర ఒక్క మిల్లీమీటరు సైటు తప్పు దాదాపు అర మీటరవుతుంది. కొనేవాళ్లు ఆ అంకెను చేతి గురిగా తీసుకోవద్దు.

రేమండ్ తర్వాత చాలాకాలం హైదరాబాద్ చేతి ఆయుధాల తయారీలో వెనకబడింది. 1984లో అప్పటి మెదక్ జిల్లా ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వచ్చినా అది చేసింది సైనిక వాహనాలు. కంచన్‌బాగ్ చేసింది క్షిపణులు. ఐకామ్ సంస్థ యూఏఈకి చెందిన కారకల్‌తో కలిసి ఇటీవల ఇక్కడ చిన్న ఆయుధాల తయారీ మొదలుపెట్టింది. అవి సాయుధ దళాల కోసం చేసే కార్బైన్లు, రైఫిళ్లు. పౌరుడి రివాల్వర్ ఇంకా ఉత్తరాది నుంచే రావాలి.

2016లో రెండు సంగతులు జరిగాయి. రాచకొండ పోలీసు కమిషనరేట్ ఏర్పడి ఎల్బీనగర్, కర్మన్‌ఘాట్ ప్రాంతం దాని పరిధిలోకి వచ్చింది. అదే ఏడాది కొత్త ఆయుధ నిబంధనలు వచ్చి, లైసెన్సుకు ముందు ఆయుధం, మందుగుండు భద్రతలో శిక్షణ ఉండాలన్నాయి. 2019 సవరణతో ఒక మనిషికి మూడు ఆయుధాల పరిమితి రెండుకు తగ్గింది, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. తాతల నాటి వెబ్లీ, స్మిత్ అండ్ వెసన్ .32లు వారసుల పేరు మీదికి మారుతున్న ఇళ్లు మన వైపు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రివాల్వర్‌తో పాటు మూలనున్న పాత తూటాల డబ్బా కూడా చేతికొస్తుంది. శిక్షణ ఇచ్చేవాళ్లు లక్ష్యం కాగితం తగిలించే ముందు ఆ డబ్బాను బల్ల మీద ఒలికించాలి. పొడుగు గుల్లలు ఒకవైపు, పొట్టివి మరోవైపు వేరు చేయించాలి. పచ్చగా చిలుం పట్టిన ఇత్తడినీ, గుండు కదిలే గుల్లలనూ పక్కన పెట్టించి డీలరుకో పోలీసులకో అప్పగించమనాలి. గొట్టం పక్కన చెక్కిన అక్షరాలను భూతద్దంతో చదివించాలి. ఆరు అరలనూ ఖాళీగా తిప్పి, ఒక్కోటి ఎక్కడ ఆగుతోందో చూపించాలి. గురి పాఠం ఆ తర్వాత.